పప్పు మీద పేరు

వేటపాలెంలో జీడిపప్పు షెడ్లు తెల్లారకముందే తెరుచుకుంటాయి. ఆడవాళ్లు చేతులకు ఆముదం, బూడిద రాసుకుని వరసగా కూర్చుంటారు. పక్కన వాళ్ల పిల్లలు. బడి గంట కొట్టే వేళకూ ఆ పిల్లలు అక్కడే ఉంటారు. ఊరందరికీ తెలుసు, ఎవరికీ పట్టదు. చిన్న వేళ్లయితే పొట్టు తీసేటప్పుడు పప్పు బద్దలవదని షెడ్డు యజమాని బసవేశ్వరరావు మెచ్చుకుంటాడు కూడా. ఆ మెచ్చుకోలు వింటే ఒళ్లు మండిపోతుంది.

సాయంత్రం ఆ పిల్లలకు తులసి చదువు చెబుతుంది. నేతవాళ్ల అమ్మాయి, డిగ్రీ చదివింది. చేనేత సంఘం వాళ్లు మూలపడ్డ మగ్గాల షెడ్డు ఇచ్చారు. ఇళ్లవాళ్లు వంతులేసుకుని అటుకులో ఉప్మానో పంపుతారు. జూన్‌లో అందరినీ వయసుకు తగ్గ తరగతిలో చేర్చాలని తులసి పంతం. ఆమె అఆలతో మొదలుపెట్టదు. రోజూ హాజరు పిలిచి, ముందు ఎవరి పేరు, వయసు వాళ్ల చేత రాయిస్తుంది.

షెడ్డులో పనిచేసే ఏసమ్మ కూతురు ప్రశాంతి అలా రాయడం నేర్చిన మర్నాటి నుంచి, ఆ పిల్ల పొట్టు తీసిన ప్రతి పప్పు మీదా గోధుమరంగు అక్షరాలు మిగిలాయి. 'ప్రశాంతి, పదకొండేళ్లు.' గీకినా పోలేదు. "రాత గుండ్రంగా ఉందే పిల్లా" అని పక్కవాళ్లు తమ పనిలో పడ్డారు.

తెనాలి మిఠాయి కొట్టు నుంచి బస్తా వెనక్కొచ్చింది. బసవేశ్వరరావు తిన్నగా మగ్గాల షెడ్డుకొచ్చాడు.

"ఏంటమ్మా తులసీ, మచ్చపడ్డ సరుకు ఎవడు కొంటాడు? నీ చదువులు ఆపు."

"మచ్చ కాదండి, పేరు. పసిపిల్లని పనిలో పెట్టుకుంది మీరు."

"వాళ్లమ్మ తెచ్చింది. నేనేమన్నా పిలిచానా?"

మర్నాడు ప్రశాంతిని పొట్టు దగ్గర్నుంచి లేపి, గింజలు పగలగొట్టే చోట కూర్చోబెట్టాడు. అక్కడ పెంకులోంచి చిమ్మే జీడి నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. వారం తిరిగేసరికి పిల్ల వేళ్ల కొసలు నల్లబడి, పొరలు ఊడి, గీతలన్నీ చెరిగిపోయాయి. అక్షరాలూ ఆగిపోయాయి. ఆ రోజు బసవేశ్వరరావు అందరికీ టీ తెప్పించాడు. ఛీ, వాడి టీ!

పని పోతుందని ఏసమ్మ అన్నాళ్లూ నోరు మూసుకుంది. అన్నం కలపలేక పిల్ల కంచం ముందు ఏడుస్తుంటే ముద్దలు కలిపి పెట్టింది. మర్నాటి సాయంత్రం తన వరసలో ఆడవాళ్లందరినీ వెంటేసుకుని తులసి దగ్గరకొచ్చింది.

"అమ్మాయ్, దాని పేరు మాకు నేర్పు."

"ముందు నీ పేరు నేర్చుకో పిన్నీ."

"నా పేరు ఎవరిక్కావాలి? దాని పేరు, దాని వయసు. ఇప్పుడే నేర్పు."

తులసి కోపంతో ఎంత నొక్కి రాసిందంటే, చేతిలో సుద్ద ముక్కలైంది.

ఇక షెడ్డులో ఎవరు పొట్టు తీసినా ఒకటే పేరు. బాపట్ల కొట్లూ, రేపల్లె కొట్లూ సరుకు వద్దన్నాయి. బసవేశ్వరరావు అరిచాడు, తిట్టాడు.

"పిల్లలందర్నీ పంపేయండి, పేరు పడదు," అంది ఏసమ్మ.

"నీకెట్టా తెలుసు?"

"మాకు తెలుసండి."

పంపేశాడు. పిల్లల మీద జాలితో కాదు, బస్తాల మీద ప్రేమతో. ఆ రోజు నుంచి పప్పు తెల్లగా వచ్చింది.

జూన్‌లో తులసి, ఏసమ్మ కలిసి ప్రశాంతిని బడికి తీసుకెళ్లారు. హెడ్మాస్టరు ఆధార్ కోసం పిల్ల వేళ్లు ఒక్కొక్కటే వేలిముద్రల మిషను మీద పెట్టించాడు. ఒక్క ముద్రా పడలేదు.

"ఈ పిల్ల ఎవరో తేలాలి కదమ్మా. వేళ్లు నయమయ్యాక రండి."

తులసి అంతెత్తున లేవబోయింది. ఈలోగా ఏసమ్మ కొంగుముడి విప్పి, దాచి ఉంచిన ఒక్క జీడిపప్పు తీసి బల్ల మీద పెట్టింది.

"చదవండి సార్."

ఆయన కళ్లజోడు సవరించుకుని లోలోపల చదువుకున్నాడు.

"గట్టిగా చదవండి."

"ప్రశాంతి, పదకొండేళ్లు," అన్నాడాయన, హాజరు పిలిచినట్టే.

కాలిన చేతులు వెనక్కి దాచుకుని నిలబడ్డ పిల్ల, మగ్గాల షెడ్డులో రోజూ పలికినట్టే పలికింది.

"ప్రెజెంట్ సార్."