సుక్రికి రాని ఎక్కాలు

"మాస్టరు పెళ్లాం నెత్తిన కుండెట్టుకుని గెడ్డకెల్తే ఊరు నవ్వదేట్రా?" అంటూ వరహాలమ్మ మళ్లీ మొదటికొచ్చింది.

"అయితే నేనెల్తానే అమ్మా," అన్నాడు సన్యాసిరావు, తాగుతున్న అంబలి ముంత దించకుండానే. అది ఇంకా అప్రదిష్ట అని ఆవిడ తేల్చేసింది.

కోడలు పైడమ్మ చాటలో సామలు చెరుగుతూ రెండు వైపులా వింటోంది. పైకి అనలేదు గాని, మనసులో ఆమెది అత్త పక్షమే. పాడేరు అవతలి ఈ కొండూరికి మొగుణ్ణి మాస్టరుగా వేసిననాటి నుంచీ ఇంటికి నీళ్లు బడిపిల్లలే తెస్తున్నారు. అంతకుముందున్న మాస్టరుకీ వాళ్లే తెచ్చేవారట. గెడ్డ అంటే కొండవాగు, ఊరికి బాగా దిగువన ఉంది. దిగడం తేలికే, నిండుకుండతో ఎక్కడమే ప్రాణం మీదికొస్తుంది. బడిపిల్లల్లో సుక్రి అనే ఆడగుంట, తనంత కుండ నెత్తినెట్టుకుని, గోలెం నిండేదాకా పొద్దున్నే తిరిగేది. పోయేటప్పుడు పైడమ్మ దాని చేతిలో బెల్లం ముక్క పెట్టేది. అందులో తప్పుందని ఆమెకు ఎన్నడూ తోచలేదు.

సన్యాసిరావుకు తోచింది. కొండెక్కిన ప్రతి ఉద్యోగికీ వీళ్ల పెద్దలు వెట్టికి మూటలు మోస్తూనే ఉన్నారు, బడిలోనూ పిల్లల చేత మోయిస్తే ఇక నేను నేర్పేదేమిటన్నాడు. చదువుకోవడం వాళ్ల హక్కు, నీళ్లు మోయించుకోవడం మన హక్కు కాదన్నాడు. అక్కడితో ఊరుకోక, రేపటి నుంచి మా ఇంటికి ఎవరూ నీళ్లు తేవొద్దని పిల్లలందరికీ చెప్పేశాడు.

మర్నాడు నీళ్లు రాలేదు. పిల్లలూ రాలేదు. షావుకారు కొడుకు బుజ్జిబాబు ఒక్కడే పలక ఒళ్లో పెట్టుకుని దిక్కులు చూస్తూ కూర్చున్నాడు. సన్యాసిరావు ఇళ్ల వెంట తిరిగాడు. అందరూ చాప వేశారు, మంచీ చెడ్డా అడిగారు. పిల్లల సంగతెత్తితే మాత్రం నేలచూపులు చూశారు.

"వద్దన్నావు, మానేసినారు," అంది వరహాలమ్మ. ఆ తరవాత రోజూ ఇదే గొడవ. సన్యాసిరావు తెల్లారకముందే దొంగలా తెచ్చిపోసే రెండు కుండలు మధ్యాహ్నానికే అయిపోతున్నాయి.

ఆవేళ అంట్లు తోమడానికి నీళ్లు లేకపోయేసరికి పైడమ్మకు విసుగొచ్చింది. కొంగున బెల్లం ముడేసుకుని, ఎవరికీ చెప్పకుండా సుక్రి ఇంటికి బయల్దేరింది. దాన్ని బుజ్జగించి మళ్లీ కుండెత్తించాలనే ఆమె ఉద్దేశం.

సుక్రి తమ్ముణ్ణి వీపున కట్టుకుని వాకిట్లో అటూ ఇటూ ఊగుతోంది. తమ్ముణ్ణి నిద్రపుచ్చే పాట ఏడో ఎక్కం. ఏడు రెళ్లు పద్నాలుగు దగ్గర ఎంత ముద్దుగా దీర్ఘం తీసిందంటే పైడమ్మకు నవ్వొచ్చింది. ఏదీ, రెండో ఎక్కం చెప్పమని అడిగింది.

"అది రాదమ్మా," అంది సుక్రి.

"ఏడొచ్చి రెండు రాదేటే?"

"పొద్దున్నే రెండు కాణ్నుంచి సెప్తారు గదా. నేను నీలు పోసొచ్చేతలికి ఆరు అయిపోద్ది."

పైడమ్మ కొంగు ముడి విప్పబోయి ఆగిపోయింది. ఇన్నాళ్లూ ఆ ముందు ఎక్కాలన్నీ తన గోలెంలోనే పడ్డాయన్నమాట.

ఇంతలో రోకలి పక్కన పెట్టి సుక్రి తల్లి యర్రమ్మ బయటికొచ్చింది. "మాలో ఒకల సేతి నీలొద్దంటే ఆ మనిసే వద్దన్నట్టమ్మా. మా గుంట ఏటి తప్పు సేసినాది?" అని మెల్లగా అడిగింది.

ఊరంతా నేలచూపులు ఎందుకు చూసిందో పైడమ్మకు అప్పుడర్థమైంది. తాగడానికి నీళ్లిమ్మని అడిగింది. మన్యం జ్వరానికి భయపడి కాచని నీళ్లు పెదవికి తగలనివ్వని మనిషి, యర్రమ్మ అందించిన సొరకాయ బుర్ర ఎత్తి, ఆఖరి చుక్కదాకా తాగింది. అది చూశాక యర్రమ్మ మొహం విచ్చుకుంది. ఇద్దరూ అరుగు మీద కూర్చుని, బెల్లం ముక్క సుక్రికిచ్చి, చాలాసేపు మాట్లాడుకున్నారు. తిరిగొచ్చేటప్పుడు పైడమ్మ చేతిలో నెత్తిన కుండ కింద పెట్టుకునే, గడ్డితో అల్లిన చుట్టకుదురు ఒకటుంది.

దీపం పెట్టిన వేళకు మొగుడికీ అత్తకూ అన్నాలు వడ్డించి, తానూ కంచం ముందేసుకుంది. వరహాలమ్మ నీళ్ల మాట ఎత్తబోతుంటే, చుట్టకుదురు తీసి కంచం పక్కన పెట్టింది.

"రేపట్నించి నేను యర్రమ్మతో గెడ్డకెల్తాను. మోసే వాటం ఆవిడే నేర్పుతానంది," అంది మామూలుగా, పప్పు కలుపుకుంటూ. "గుంటలందరూ ఒట్టి సేతుల్తో బడికొత్తారు. ఏవండీ, సుక్రికి రెండో ఎక్కం కాణ్నుంచి సెప్పాల. అత్తా, నేనొచ్చేదాకా పొయ్యి నువ్వు సూసుకో."