రెండో తొట్టి ముక్క

రాలేదనే అనుకుందాం. రాకపోయి ఉండవచ్చు కూడా. రోజుకు నలభై బట్ట ముక్కలు చేతిలోకి వచ్చి పోతుంటాయి. బుధవారం మధ్యాహ్నం నాటి ఒక్క ముక్క ఎవరికి గుర్తుంటుంది? టీ కప్పు ముందు కూర్చుని అతను ఆ ఆలోచనను మరోసారి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. వారం కిందట మొదటిసారి అనుకున్నప్పుడు అది గొంతులో ముల్లులా గుచ్చుకుంది. వాడగా వాడగా నున్నబడింది. ఇంకో నాలుగు రోజులు గడిస్తే నిజమే అయిపోతుందేమో.

"ఏమండీ, మళ్ళీ అదే పని," అంది భార్య అతని కాళ్ళకేసి చూస్తూ. "ఒకటి నల్ల మేజోడు, ఒకటి నీలం. నిన్నా అంతే."

"చీకట్లో తీసుకున్నాను."

"తెల్లారి రెండు గంటలైతే చీకటేమిటి, నా మొహం!" నవ్వబోయి ఆగిపోయింది. ఎదురుగా కూర్చుంది. "మా తమ్ముడు ముక్క పంపకుండా ఊరుకున్నాడంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. మతిమరుపు మనిషే, కాదనను. గొడుగు మరిచిపోతాడు, సొంత పెళ్ళిరోజు మరిచిపోతాడు. పని మాత్రం మరిచిపోడు."

"అంటే నేను అబద్ధమాడుతున్నానా?"

"అయ్యో, ఆ మాట నేనెక్కడన్నాను?"

అనలేదు. ఆమె అనని మాటకు తానే భుజాలు తడుముకున్నాడు. టీ వదిలేసి లేచాడు.

అద్దకం మిల్లులో రంగు సరిచూడటం అతని పని. ఇరవై ఆరేళ్ళుగా అదే. రంగు తొట్టిలోంచి బట్ట దించగానే జానెడు ముక్క కత్తిరించి అతని బల్ల మీద పెడతారు. అతను కిటికీ దగ్గర నిలబడి, అసలు నమూనా పక్కన దాన్ని పెట్టి చూస్తాడు. గంటలోగా అతను వద్దనకపోతే బట్ట కుట్టుపనికి వెళ్ళిపోతుంది. అది ఆ మిల్లు పద్ధతి. అతని మౌనమే అంగీకారం. అందరూ అతన్ని డేగ అంటారు. మొదట్లో వెనకాల అనేవారు. తర్వాత మొహం మీదే అనసాగారు, అతనికీ అది ఇష్టంగానే ఉండేది.

ఏడాదిన్నరగా డేగ కంటికి నీలమూ నలుపూ ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. లోకం మీద ఎవరో పలచటి టీ ఒలకబోసినట్టు అన్నీ పచ్చబడ్డాయి. డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. వెళితే ఆయన దానికో పేరు పెడతాడు. పేరు లేనంతకాలం అది జబ్బు కాదు, అలసట.

పైగా ఒక ఉపాయం దొరికింది. అద్దకం మేస్త్రి అతని బావమరిదే. ముక్క తెచ్చిన ప్రతిసారీ అతన్ని ఎదురుగా నిలబెట్టి, "ఏదీ, నువ్వే చెప్పు, సరిపోయిందా?" అని మాస్టారిలా అడిగేవాడు. "ఒక్క పిసరు ఎరుపు ఎక్కువైంది బావా," అనేవాడు బావమరిది. "శభాష్. మళ్ళీ వెయ్యి," అనేవాడు ఇతను. ఎంత సులువుగా సాగిందంటే, తాను పాఠం చెబుతున్నాననే తానూ నమ్మాడు. ఒకరి కళ్ళతో చూస్తూ వాళ్ళకే చూడటం నేర్పుతున్నానని గర్వపడ్డాడు.

ఆ బుధవారం బావమరిది తన పెళ్ళాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళే తొందరలో ముక్కను ఖాళీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఇతను భోజనం చేసి వచ్చేసరికి అది అక్కడుంది. కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. అడగడానికి ఎవరూ లేరు. అంటే, పాఠం చెబుతున్నట్టుగా అడగడానికి ఎవరూ లేరు. చివరికి ముక్కను చెత్తబుట్టలో వేసి, గంట గడిచేదాకా నోరు మెదపలేదు.

మూడు వందల యూనిఫారం కోట్లు వెనక్కి వచ్చాయి, ఒంటికి ఒక నీలం, రెండో తొట్టి బట్టతో కుట్టిన చేతులకు ఒక నీలం. మేనేజరు అడిగినప్పుడు, "రెండో తొట్టి ముక్క నా దగ్గరికి రాలేదండీ," అని నోరు అనేసింది. మనసు దాని వెనకాల పరిగెత్తుకుంటూ వచ్చి, అందుకోలేక, చివరికి ఆ మాట పక్కనే నిలబడిపోయింది.

విచారణ ఈరోజు. మేనేజరు గది బయట బెంచీ మీద బావమరిది ముందే వచ్చి కూర్చున్నాడు. మోచేతుల దాకా ఎన్నాళ్ళ నుంచో దిగని రంగు.

"రా బావా, కూర్చో. ఇద్దరం బడిలో గోడకుర్చీ వేసినట్టున్నాం."

బావమరిది గొంతు తగ్గించాడు.

"నువ్వు రాలేదన్నప్పుడు మొదట ఒళ్ళు మండింది. పెట్టాను కదా అనుకున్నా. తర్వాత రాత్రంతా ఆలోచించాను. కత్తిరించడం గుర్తుంది. మెట్లెక్కడం గుర్తుంది. బల్ల మీద పెట్టానా, జేబులో వేసుకుని ఆసుపత్రికి పోయానా? ఎంత తవ్వినా తేలడం లేదు. నువ్వు రాలేదన్నావంటే రాలేదనేగా. నీ మాట కాదని నా బుర్రని నమ్మనా? ఆ రోజు వేసుకున్న ప్యాంటు జేబులు నాలుగుసార్లు వెతికాను బావా."

బావమరిది ఉద్యోగం పోవడం ఒక ఎత్తు. ఇది వేరే. తాను ఎదుటి మనిషి బుర్రలోకి చెయ్యి పెట్టి, సరిగ్గా ఉన్న వస్తువును తీసేసి, ఆ చోటు ఖాళీగా వదిలేశాడు. ఆ మనిషి జేబులు వెతుక్కుంటున్నాడు.

లోపలికి పిలిచారు. బల్ల మీద ఒక కోటు పరిచి ఉంది. మేనేజరు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "ముందు మీరు చెప్పండి, తేడా ఎంత?" అన్నాడు.

అతను వంగి చూశాడు. కోటంతా ఒకే మసక ముద్ద.

"చాలా ఉందండీ. చేతులు బాగా ముదిరాయి."

బావమరిది చటుక్కున తలెత్తాడు.

"ముదిరాయా?" అన్నాడు మేనేజరు. "నాకు చేతులే లేతగా కనిపిస్తున్నాయే."

"వెలుతురును బట్టి ఉంటుందండీ."

"అంతేలెండి. డేగ ముందు నా చూపు ఏపాటిది?" మేనేజరు కోటును ఇంకోసారి చూసి, తన కళ్ళనే అనుమానిస్తున్నట్టు తల ఊపాడు. బావమరిది వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. ముక్క పంపావా, లేదా?"

బావమరిది కోటును చూడటం లేదు. బావ మొహాన్ని చూస్తున్నాడు. ఇన్నాళ్ళూ తనకు జరిగిన పాఠాలన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి తిప్పుకుంటున్నట్టు ఆ కళ్ళు మెల్లగా చిన్నవయ్యాయి. కోపం వస్తుందేమోనని ఇతను ఎదురుచూశాడు. వస్తే బాగుండుననుకున్నాడు. రాలేదు. బావమరిది తల దించుకుని తన నీలం గోళ్ళు చూసుకుంటూ, "అక్కకు ఏం చెప్పమంటావు బావా?" అని మాత్రం అన్నాడు, ఇతనికే వినపడేంత నెమ్మదిగా.

"మాట్లాడకపోతే మరిచిపోయావనే రాసుకుంటాను," అంటూ మేనేజరు కలం తీశాడు.

కలం కాగితం మీద కదులుతోంది. ఇంకో రెండు ముక్కలు రాస్తే అయిపోతుంది. ఊరుకుంటే చాలు. ఊరుకోవడం అతనికి చేతనైన పనే.

అతను చెయ్యి చాపి, రాస్తున్న కాగితం మీద అరచేయి ఆనించాడు. కలం అతని వేలికి తగిలి ఆగింది.

"ముక్క వచ్చిందండీ," అన్నాడు. "ఈ కోటు చేతులు లేతో ముదురో నాకు తెలియదు. నాకు కనిపించడం లేదు."