వడ్రంగి కొట్టిన బద్దలు

పొద్దున్నే వడ్రంగి భార్య పుస్తకాల షాపు తీస్తుంది, పక్క గదిలో వడ్రంగి రంపం మిషన్ ఆన్ చేస్తాడు. ఎవరైనా వచ్చి, ఫలానావాళ్ళకి బహుమతిగా మంచి పుస్తకం చెప్పమంటే ఆవిడ రెండు ముక్కలు అడిగి, ఆ మనిషిని మనసులో తలుచుకుంటుంది. తగిన పుస్తకం అరలోంచి జరిగొచ్చి ఆవిడ చేతిలో పడుతుంది. కథలు కాదు, అన్నీ నిజం సంగతులే: తేనెటీగలు, ఉప్పు చరిత్ర, వంతెనలు కట్టడం. వచ్చినవాళ్ళు దానికి రంగు కాగితం చుట్టించుకుని వెళ్ళిపోతారు.

వీధిలో అందరికీ పుస్తకం పడింది. పాలవాడికి గ్రహణాల మీద, ఎదురింటి పళ్ళ డాక్టర్‌కి ఆక్టోపస్‌ల మీద. కట్టుకున్నవాడికి మాత్రం ఒక్కటీ పడలేదు. వడ్రంగికి ఒళ్ళు మండేది అక్కడే.

"నిన్నూ రోజూ తలుచుకుంటున్నానయ్యా, ఏదీ కదలట్లేదు," అంది ఒకసారి.

"ఏంటా గొణుగుడు?" అని కసిరాడు.

ఆవిడ డాక్టర్‌తో పడీపడీ నవ్వడం కిటికీలోంచి కనబడేది. ఒక్క మాటా వినబడేది కాదు. అంత గుసగుసగా చెప్పుకోవాల్సినవి ఏముంటాయి? ఆ ఊహకే అతనికి అన్నం సయించేది కాదు.

కొత్త పుస్తకాల పెట్టె విప్పి ఆవిడ అన్నీ సర్దిన రోజు, డాక్టర్ వాళ్ళమ్మకి బహుమతి కోసం సాయంత్రం వస్తాడని వడ్రంగికి తెలిసింది. ఆవిడ భోజనానికి వెళ్ళగానే వడ్రంగి అరలన్నిటి అంచులకీ టేకు బద్దలు అడ్డంగా మేకులతో కొట్టేశాడు. ఇప్పుడు జారండి చూస్తాను, అనుకున్నాడు.

సాయంత్రం డాక్టర్ వచ్చాడు. పుస్తకం జరిగి బద్దకి తగిలి ఆగింది. ఆవిడ చేత్తో ఎత్తి ఇచ్చేసింది. ఇద్దరూ నవ్వుకున్నారు. వడ్రంగి పథకం కాస్తా అలా చప్పబడింది, అసూయ మాత్రం రెట్టింపైంది.

డాక్టర్ వెళ్ళగానే పనిముట్ల సంచి భుజాన వేసుకుని వచ్చాడు. "వాడితోనే చెప్పుకో నీ గుసగుసలు. మా అన్నయ్య దగ్గరికి పోతున్నా. ఇంక రాను."

ఆవిడ అడ్డొచ్చి నిలబడింది. "మధ్యాహ్నం నుంచీ కొట్టుకుంటోంది, నువ్వే వచ్చి తీస్తావని చూస్తున్నా, వినబడట్లేదా నీకు?" అని అరిచింది.

"ఏది?"

చెయ్యి పట్టి లాక్కెళ్ళి పై అర బద్ద మీద పెట్టింది. అరచేతి కింద బద్ద దడదడలాడుతోంది. షాపంతా ఆ మోత నిండిందని ఆవిడ ముఖం చూస్తే తెలుస్తోంది. అతని చెవికి మాత్రం చిన్న అలికిడైనా లేదు.

తను కొట్టిన బద్దని తనే పీకాడు. పుస్తకం ఎగిరొచ్చి ఛాతీకి తగిలింది. కొత్త పెట్టెలో వచ్చిన, చెవుల గురించిన పుస్తకం. తెరిచిన చోటే ఉంది: మిషన్ల మధ్య పనిచేసేవాళ్ళకి వినికిడి మెల్లమెల్లగా పోతుంది. ఇంట్లోవాళ్ళు తమ దగ్గర గొంతు తగ్గించి మాట్లాడుతున్నారనే అనుమానం ముందు మొదలవుతుంది.

ఆ మాట మళ్ళీ చదివి సంచి కింద పెట్టాడు. సిగ్గుతో తలెత్తలేకపోయాడు. ఆవిడ ఏదో అంది.

"గట్టిగా చెప్పవే," అన్నాడు, ఈసారి కసరకుండా.