మూడో గుంతలో జానయ్య

ఆదివారం ఫ్యాక్టరీకి సెలవు. చౌటుప్పల్ దాటాక హైవే పక్కనున్న ఆ మందుల ఫ్యాక్టరీలో ఆ పూట ఉన్నది ఇద్దరే. గేటు దగ్గర వాచ్‌మన్, ఆఫీసు గదిలో కోమల. మూడో మనిషి కంప్యూటర్ తెర మీద కనబడ్డాడు.

కోమల చేస్తున్నది అతుకుల బొంత కుట్టే పని. గేటు హాజరుకు ఒక ప్రోగ్రాం, క్యాంటీన్‌కు ఇంకొకటి, ప్రమాదమున్న చోట దిగడానికిచ్చే పర్మిట్లకు మరొకటి, హెల్మెట్‌లోని ట్యాగ్‌ను బట్టి మనిషి ఎక్కడున్నాడో చూపడానికి నాలుగోది. అన్నీ ఎవరెవరో రాసి, ఊరికే వాడుకోండని లోకానికి వదిలిన ఓపెన్ సోర్స్ సరుకే. ఏ మేనేజరుకు ఏది నచ్చితే అది తెచ్చి పెట్టుకున్నాడు. ఒకదాని మొహం ఒకటి చూడవు. అత్తాకోడళ్లే నయం, తిట్టుకోవడానికైనా మాట్లాడుకుంటారు. వాటన్నిటినీ కలిపి సోమవారం పొద్దుటికల్లా ఒకే తెర మీదికి తెమ్మని యాజమాన్యం కోమల నెత్తిన పెట్టింది.

మధ్యాహ్నం పన్నెండున్నరకు నాలుగూ కలిశాయి. లోపల ఉన్నవారి జాబితాలో మూడు పేర్లు వచ్చాయి. మూడోది జానయ్య. చోటు, ఫ్యాక్టరీ మురుగునీళ్లు పోయే మూడో నంబరు గుంత. దిగి రెండేళ్ల నాలుగు నెలలు. పని జరుగుతోంది.

జానయ్య కోమలకు తెలుసు. ఆమె తండ్రి బెంజమిన్ ఇక్కడ కూలీల మేస్త్రీగా ఉన్నప్పుడు ఆయన జట్టులోవాడు. ఒక సాయంత్రం పనికి వచ్చినవాడు ఇల్లు చేరలేదు. ఆరు దాటి రెండు నిమిషాలకు గేటు దాటినట్టు రికార్డు ఉంది కాబట్టి పోలీసులూ బయటే వెతికారు. భార్య సాలమ్మ చిట్యాల నుంచి విజయవాడ దాకా బస్టాండ్లన్నీ గాలించింది. ఆమె వెంట తిరిగినవాడు బెంజమినే. ఎవరితోనో లేచిపోయాడని ఊరంతా అన్నా, సాలమ్మ ఇప్పటికీ ప్రతి ఆదివారం చర్చిలో అతని కోసం ప్రార్థన చేయిస్తోంది.

పొరపాటు తనదే అనుకుని కోమల మళ్లీ మొదటి నుంచి కలిపింది. అదే పేరు వచ్చింది. ఒక్కో ప్రోగ్రాంనూ విడిగా తెరిచి చూసింది. పర్మిట్ ప్రకారం జానయ్య గుంతలో దిగాడు, పైకి వచ్చిన సంతకం లేదు. పైన కాపలా ఉండాల్సిన మనిషి పేరు ఖాళీ. గేటు రికార్డులో జట్టు కార్డులు పద్నాలుగూ వరసగా, రెండేసి సెకన్ల తేడాతో పడ్డాయి. ఇన్నాళ్లూ అన్నిటినీ ఒక్కచోట కూర్చోబెట్టి అడిగినవాళ్లు లేరు.

హెల్మెట్ ట్యాగ్ దగ్గర ఆమె చేయి ఆగిపోయింది. దాని బ్యాటరీ ఆరు నెలలకు మించి రాదు. అయినా నిమిషానికొకసారి సిగ్నల్ వస్తూనే ఉంది. జానయ్య కనబడకుండా పోయిన వారానికే ఆ గుంతను కాంక్రీటు పలకతో మూసేశారు. వాసన వచ్చినా ఎవరు పట్టించుకుంటారు? ఆ ఫ్యాక్టరీలో వాసన లేని రోజేది?

అంతలో చర్చి నుంచి బెంజమిన్ టిఫిన్ డబ్బాతో వచ్చాడు.

"అన్నం తినకుంట ఏం పని బిడ్డా గిది?"

"బాపూ, జానయ్య మామ గేటు దాటంగ నువ్వు కండ్లతోని చూసినవా?"

"చూసుడేంది? బస్సు పోతదని అందరి కార్డులు నేనే కొడుతుంటి గద. గా దినం గూడ పద్నాలుగు కొట్టిన."

"మనుషులు ఎంతమంది ఉన్నరు?"

బెంజమిన్ కూతురు భుజం మీదుగా తెర చదివాడు. కోమల వేలు పర్మిట్ ముగించే బటన్ మీదికి పోయింది. ఒక్కసారి నొక్కితే ఆ పేరు జాబితాలో ఉండదు, బాపు తప్పు ఎవరికీ తెలియదు. ఆ ఆలోచనకు ఆమెకు తన మీద తనకే భయం వేసింది.

"ముట్టకు," అన్నాడు బెంజమిన్. సాలమ్మకు ఫోన్ కలిపాడు.

"చెల్లే, జానయ్య యాడికి పోలే. ఫ్యాక్టరీలనే ఉన్నడు. పోయిండని కార్డు కొట్టినోన్ని నేనే..."

అవతల సాలమ్మ సగమే వింది. ఆమె గొంతు గదంతా వినిపించింది. "ఉన్నడా! నాకు తెల్సు అన్నా. జర ఆయన్ని గాడనే ఉండుమను, నేనొస్తున్న."

ఫోన్ కట్టయింది. బెంజమిన్ ఆ మాట జానయ్యకు చెప్పడానికి మూడో గుంత వైపు నడిచాడు.