పలకని తగరం

కొలిమి తిత్తికి పడిన చిల్లుకు తోలు అతుకు వేస్తూ హనీఫ్ పొద్దున్నే వాకిట్లో కూర్చున్నాడు. భార్య సుల్తానా అతని సంచీ దులిపి కళాయి పూతకు వాడే నవాసాగరం పొట్లం, దూది ఉండలు, మసిగుడ్డలు తీసి పక్కన పెట్టింది. చివరికి, నిన్నటి పనిలో మిగిలిన తగరపు కడ్డీ చేతికి తగిలింది. ఆమె కూడా కళాయి వేసేవాళ్ల ఇంటి పిల్లే. చెయ్యి ఊరుకోక దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వంచింది. మళ్లీ వంచింది. తర్వాత మొగుడి వైపు తిరిగి, "యే తో రోతాచ్ నై" అంది.

ఇది ఏడవడమే లేదు, అని. ఆ మాట హనీఫ్‌కు వినపడలేదు. ఆమె పెదాలు చూసి తెలుసుకున్నాడు.

మంచి తగరాన్ని వంచితే లోపల కిరకిరమని సన్నగా ఏడుస్తుంది. సీసం కలిసినదైతే మూగగా వంగిపోతుంది. సీసం కళాయిలో పులుపు ఉడికితే అది కూర కాదు, విషం. పుంగనూరులో గానీ మదనపల్లెలో గానీ హనీఫ్ చెవికి పెద్ద పేరు. అంగట్లో కడ్డీ వంచి, కళ్లు మూసుకుని, సంగీత కచేరీకి వచ్చిన జమీందారులా తల పంకించేవాడు. పాపం, కొన్నాళ్లుగా ఆ పంకించడం ఒక్కటే మిగిలింది. జీవితమంతా సొట్టలు తీసిన సుత్తి దెబ్బలకు చెవులు మొద్దుబారిపోయాయి. ఆ సంగతి సుల్తానాకు కూడా సగమే తెలుసు. చెవిటి కళాయివాడికి గిన్నె ఎవరిస్తారు?

యుద్ధం వచ్చి తగరం దొరక్కుండా పోయాక, కుప్పం స్టేషన్ బయట ముక్కూ మొహం తెలియనివాడి దగ్గర ఆ కడ్డీ కొన్నాడు. పదిమంది చూస్తుండగా చెవి దగ్గర వంచాడు. ఏమీ వినపడలేదు. అయినా తల పంకించాడు. నిన్న మదనపల్లెలో, క్రైస్తవుల వీధిలో, వంటల జ్ఞానమ్మ పెద్ద ఇత్తడి గుండిగకు దానితోనే కళాయి వేసి వచ్చాడు. ఇవాళ వాళ్ల కోతల పండుగ. మధ్యాహ్నం విందుకు ఆ గుండిగలో వీధి వీధంతటికీ గుమ్మడికాయ పులుసు.

తిత్తి అక్కడే వదిలేసి, కడ్డీ ఒక్కటి జేబులో వేసుకుని హనీఫ్ రోడ్డెక్కాడు. సంగటి తిని పొమ్మని సుల్తానా వెనకనించి అరిచింది. అరిచిందని కూడా అతనికి తెలియదు.

పెట్రోలు కరువై బస్సు ఏరోజు వస్తుందో ఏరోజు రాదో చెప్పలేని కాలం. పుంగనూరు నుంచి మదనపల్లెకు తిన్నగా పోయే రోడ్డు అదొక్కటే. రెండు పక్కలా చింతచెట్లు కమ్ముకుని, పండిన కాయలు దుమ్ములో రాలి పడి ఉన్నాయి. ఏళ్ల తరబడి ఆ నీడల్లో హాయిగా నడిచినవాడే. ఇవాళ కాలికింద కాయ చిట్లినప్పుడల్లా గుండిగలో పోసే పులుపు గుర్తొచ్చి అడుగు వేగం పెంచాడు. సన్నటి మనిషి, నెరిసిన గడ్డం, నవాసాగరం పొగ పట్టిన ఛాతీ. కొలిమి వేడికి కాలి స్పర్శ పోయిన చేతివేళ్లతో జేబులోని కడ్డీని తడుముకుంటూ, ఆయాసపడుతూ నడిచాడు.

మోచేతికి ఏదో రాసుకుంటే ఉలిక్కిపడ్డాడు. తమలపాకుల మునస్వామి సైకిలు. మదనపల్లె సంతకు పోతూ కాలు నేలకానించి నిలబడ్డాడు.

"బెల్లు కొడతానే ఉండా. యినపళ్యా సాయిబూ?"

"ఏందో ఆలోచన్లో ఉండానప్పా" అని అతని పెదాలు చూస్తూ హనీఫ్ నవ్వాడు.

సైకిలు తనకంటే ఎంతో ముందు చేరుతుంది. ఆ గుండిగ ముట్టుకోవద్దని ఒక్క మాట చెప్పి పంపితే చాలు. కానీ ఎందుకని అడుగుతాడు. మునస్వామి చెవిన వేస్తే ఊళ్లో దండోరా వేయించినట్టే.

"జ్ఞానమ్మతో సెప్పప్పా..." అని ఆగాడు. "నేను వస్తాండానని సెప్పు."

"ఏం పనో?"

"ఏం లేదు. వస్తాండానని సెప్పు, సాలు."

సైకిలు వెళ్లిపోయింది. పులుసులో చింతపండు ఆఖరున కదా పోస్తారు, ఆలోగా చేరుకోనా అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. కొంతదూరం పోయాక నిన్నటి పిల్లలు గుర్తొచ్చారు. తళతళలాడే గుండిగలోకి ఒకరినొకరు తోసుకుంటూ తొంగిచూసి, మొహాలు వంకర్లు పెట్టుకుని నవ్వారు. ఆ నవ్వులు కూడా వినపడలేదు, పళ్లు మాత్రం కనిపించాయి. హనీఫ్‌కు ఏడుపు ముంచుకొచ్చింది. పేరు కోసం పసిపిల్లల నోట్లో ఏం పోస్తున్నాడు తను? "మునస్వామీ!" అని అరిచాడు. ఎంత గట్టిగా అరిచాడో అతనికే తెలియలేదు. ముందు రోడ్డు ఖాళీగా ఉంది.

అప్పుడిక పరుగులాంటి నడక. అంచున కొత్తగా పోసిన కంకర కాళ్లకు గుచ్చుకుంటుంటే రోడ్డు నడిమికి వచ్చాడు. జ్ఞానమ్మతో చెప్పాల్సిన మాటను పైకే అనుకున్నాడు.

"నాకు సెవులు యినపడవమ్మా. ఆ గుండిగలో వండొద్దండి."

మొదటిసారి నాలుక తడబడింది. రెండోసారి తేలిగ్గా వచ్చింది. ఇన్నాళ్లు దాచుకున్నది ఇంతేనా అనిపించి, సిగ్గు పోయి ఒళ్లంతా తేలికైంది. మళ్లీ మళ్లీ అన్నాడు.

వెనక బొగ్గుల లారీ హారన్ కొట్టింది. ఆపకుండా కొట్టింది. చింతచెట్ల మీది చిలకలన్నీ ఒక్కసారిగా లేచాయి. ఇవి ఎందుకు లేచాయా అని హనీఫ్ తలెత్తి చూశాడు. అలా చూస్తూనే లారీ కింద పడి పోయాడు.

మదనపల్లెలో మునస్వామి చెప్పిన కబురు విని జ్ఞానమ్మ గరిటె పట్టుకునే వీధి చివరిదాకా చూసి వచ్చింది. గుమ్మడి ముక్కలు ఉడికిపోయాయి. పిల్లలు విస్తళ్ల ముందు కూర్చుని అల్లరి చేస్తున్నారు. ఆమె చింతపండు రసం గుండిగలో వంచింది.

"ఎండలో పడి వస్తాండాడు పాపం, ఆయప్పకు ముందుగా తీసిపెట్టండి" అంది.

పంక్తులు లేచాయి, గుండిగ ఖాళీ అయింది, పొద్దు వాలింది. హనీఫ్ కోసం తీసిన చెంబెడు పులుసు, విస్తరాకు మూతతో, గుమ్మం పక్కన అలాగే ఉంది.