వక్క రంగు గోడ

నేను ఒక రంగుల కార్డుని. పెయింట్ల కొట్లో నన్ను షేడ్ కార్డు అంటారు. నాలో ఉన్నవి అచ్చు గుద్దిన రంగులు కావు. అసలు పెయింటునే కాగితం మీద పూసి, ఆరబెట్టి, చిన్న చిన్న గళ్ళుగా కోసి అతికించారు. అందుకే నేను అబద్ధం చెప్పనని అందరికీ నమ్మకం. తణుకులో గోవర్ధన్ గారి కొట్టుకి చేరాక ఎన్ని చేతులు మారానో. మొగుడూ పెళ్ళాలు నన్ను ముందేసుకుని పూటంతా వాదించుకుని, చివరికి మీగడ రంగే కొనుక్కుపోయేవారు. ఆ మాత్రానికి నేనెందుకని నవ్వుకునేదాన్ని. ఇప్పుడు సత్యవేణి ఇంట్లో బీరువా మీద పడి ఉన్నాను. ఇక్కడ జరిగింది తలుచుకుంటే నవ్వు రాదు, సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

సత్యవేణి భర్త పోయిన మనిషి. కూతురు ప్రసూన పెద్దాసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తుంది. పిల్ల చామనఛాయ కన్నా కాస్త నలుపు. చూడడానికి వచ్చినవాళ్ళు ఫలహారం చేసి, "నలుపు నారాయణుడు మెచ్చు" అని నవ్వి వెళ్ళిపోయేవారు. మళ్ళీ కబురుండేది కాదు. నారాయణుడు మెచ్చుకుంటాడు గానీ సంబంధం కలుపుకోవడానికి రాడు కదా. ఇంతలో ఏలూరు నుంచి మరో సంబంధం వస్తోందని తెలిసింది. ఇదైనా కుదరాలని తల్లి ఆరాటం.

"హాల్లో ఒక గోడకి బ్రౌన్ కలర్ వేయిద్దామనండి. ముదురుగా ఉండాలి," అంది కొట్లోకి వచ్చి.

గోవర్ధన్ గారికి ప్రాణం లేచొచ్చింది. మీగడ రంగు అడగని మనిషి ఎన్నాళ్ళకో దొరికింది మరి.

"ఎరుపు కలిసిన బ్రౌన్ తీసుకోండమ్మా, ఇల్లు కళగా ఉంటాది. బూడిద కలిసిందైతే దుమ్ము పట్టినట్టుంటాది. మిగతా మూడు గోడలకీ మీగడ రంగు, కర్టెన్లు ఆవపిండి రంగు. అయితే ఇక్కడ ట్యూబులైటు కింద తేల్చేయకండి. కార్డు ఇంటికి పట్టుకెళ్ళి, పొద్దుటి వెలుగులో గోడకానించి చూసుకోండి."

ఆవిడ నన్ను ఇంటికి తెచ్చింది గానీ గోడకి ఆనించలేదు. ప్రసూనని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, చెంప పక్కన పెట్టి చూసింది. బెల్లప్పాకం గడి దగ్గర పెదవి విరిచింది. దాల్చినచెక్క దగ్గర ఆలోచనలో పడింది. వక్క రంగు దగ్గరికి వచ్చేసరికి మొహం విప్పారింది.

"ఇదైతే నీకంటే ఇంకాస్త నలుపు. దీని ముందు కూర్చుంటే తేటగా కనిపిస్తావు."

"నేను గోడకి సరిపోవాలా అమ్మా?"

"అదేంటే, అంతా నీ కోసమే కదా."

ఆ మాటలో అబద్ధం లేదు. నా బాధల్లా అదే. నా అంచు తగిలిన చోట ఆ పిల్ల చెంప వేడెక్కిపోయింది. గోడకీ కర్టెనుకీ జత చూడడానికి నన్ను చేశారు. కన్నబిడ్డ మొహానికి వంక పెట్టడానికి వాడారు. కళ్ళు మూసుకుందామంటే నాకు రెప్పలు లేవు.

గోడకి రంగు వేయించారు. నిజం చెప్పొద్దూ, ముచ్చటగా కుదిరింది. దాని ముందు, ఫ్యాను కింద, కొత్త కవర్లు తొడిగిన సోఫా వేయించింది సత్యవేణి. ప్రసూన కూర్చోవలసిన చోటు అది. అన్నీ ఆలోచించింది గానీ, ఇంటికొచ్చినవాళ్ళకి మంచి చోటు ఇవ్వడం మన ఆనవాయితీ అన్న సంగతే మరిచిపోయింది. ఎండనపడి వచ్చిన పెళ్ళికొడుకూ, వాళ్ళమ్మా సరాసరి వెళ్ళి ఆ సోఫాలోనే కూర్చున్నారు.

"ఇటు రండి వదినగారూ, ఇక్కడ గాలొస్తుంది," అంది సత్యవేణి, కిటికీ పక్కన కుర్చీలు చూపిస్తూ.

"పర్లేదండి. ఫ్యాను కిందే హాయిగా ఉంది."

చేసేది లేక ప్రసూన ఎదురుగా మీగడ గోడ పక్కన, కిటికీ వెలుతురంతా మొహాన పడేలా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. పెళ్ళికొడుకు కూడా ఏమంత తెలుపు కాదు. ఆ వక్క రంగు ముందు అతను మాత్రం తేటగా, నిగనిగలాడుతూ కనిపించాడు.

"గోడ భలే ఉందండి. ఈ రంగు ఎలా ఎంచారు?" అంది వాళ్ళమ్మ.

సత్యవేణి తల వంచుకుంది. ప్రసూన టీపాయి మీదున్న నన్ను తీసి పెళ్ళికొడుకు తల్లి చేతికిచ్చింది.

"నా చెంప పక్కన పెట్టి ఎంచామండి. నాకంటే నల్లగా ఉన్నది చూసి."

ఆవిడ నన్ను ఎటు తిప్పాలో తెలియక అలాగే పట్టుకుంది. కబురు చేస్తామని చెప్పి కాసేపటికే లేచారు. సాయంత్రమే ఫోనొచ్చింది.

"రంగు పట్టింపు మాకు లేదండి. అమ్మాయికి కాస్త మాట ఎక్కువ."

సత్యవేణి ఫోను పెట్టేసి నన్ను లాక్కుంది. "బుద్ధి గడ్డి తిని చేశానే ఈ పని. రేపే ఆ గోడకి తెల్లరంగు కొట్టించేస్తాను," అంటూ వక్క రంగు గడిని పీకేయబోయింది. ఆవిడ బొటనవేలు సరిగ్గా ఆ గడి మీద పడింది. ప్రసూన ఆ చెయ్యి పట్టుకుని ఆపి, వెలుతురులోకి తిప్పింది.

వేలు ఎక్కడిదాకా ఉందో, గడి ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. ముంజేయి అదే రంగు, మెడ అదే రంగు. కూతురికంటే నల్లగా ఉన్నది కావాలని వెతికి వెతికి, ఆవిడ ఎంచింది తన ఒంటి రంగునే. ఇన్నాళ్ళూ ఆ చేతిలోనే ఉండి నేనూ గమనించలేదు.

"అమ్మా, ఇది నీ రంగే," అంది ప్రసూన. "గోడ మార్చొద్దు. నాకు బావుంది."

"అంత నలుపు ఏం బావుంటుందే..." అని అలవాటుగా అనబోయి, సత్యవేణి సగంలో ఆగిపోయింది. సోఫా పక్కనే కింద చతికిలబడి, కొంగు తీసి మొహానికి కప్పుకుంది. ప్రసూన సోఫాని పక్కకి జరిపి, ఆ గోడకి వీపు ఆనించుకుని, తల్లి పక్కనే కింద కూర్చుంది.