స్వామి పేరుకు పలికినవాళ్ళు

పదో తరగతి బి సెక్షన్ పిల్లలు తమ గురించి తాము గొప్పగా చెప్పుకునే మాట ఒకటుండేది. మాలో ఒకడు బడికి రాకపోయినా వాడి హాజరు మాత్రం తప్పదు అనేవాళ్ళు. ఆ ఒకడు స్వామి.

స్వామిది పాలమూరు వైపు ఊరు. తండ్రి లేడు. తల్లి రాజమ్మ తెల్లాపూర్‌లో లేస్తున్న అపార్ట్‌మెంట్ల దగ్గర కూలిపని చేస్తూ, అక్కడే రేకుల షెడ్డులో ఉండేది. కొడుకు చదువు చెడకూడదని వాణ్ణి కూకట్‌పల్లిలో తమ్ముడు మల్లయ్య గదిలో ఉంచింది. మల్లయ్య హైటెక్ సిటీలో ఒక ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ. మేనమామ డ్యూటీకి, మేనల్లుడు బడికి, ఏ గొడవా లేదనుకుంది ఆ తల్లి. అయితే స్వామి తొమ్మిదో తరగతి నుంచే ఫంక్షన్ హాళ్ళలో వడ్డనకనీ, సామాన్లు ఎక్కించడానికనీ అప్పుడప్పుడు బడి ఎగ్గొట్టేవాడు. హాజరు తగ్గితే పబ్లిక్ పరీక్ష రాయనివ్వం అని బడివాళ్ళు బెదిరించేవాళ్ళు. అందుకని వాడు రాని రోజున వాడి పేరుకు ఎవరో ఒకరు పలకాలని మగపిల్లలంతా వంతులు వేసుకున్నారు.

లెక్కల మాస్టారు వెంకటనారాయణ గారు మంచివారే. హాజరు తీసేటప్పుడు తలెత్తే అలవాటు మాత్రం ఆయనకు లేదు. పేరు పిలిస్తే గొంతు వినపడాలి, అంతే. స్వామి గొంతులు అనుకరించడంలో దిట్ట. తన గొంతు ఎలా పలకాలో వాడే అందరికీ నేర్పాడు. "ప్రెజెంట్ అనేటప్పుడు జర సాగదియ్యాలె. సార్ అన్నప్పుడు నిద్రమొఖం పెట్టాలె" అని దగ్గరుండి సాధన చేయించాడు. నాలుగు రోజుల్లో వెనక బెంచీలవాళ్ళందరికీ ఆ గొంతు పట్టుబడింది. స్నేహమంటే ఇదేనని మురిసిపోయారు. ఆ వయసులో అలా మురిసిపోనివాళ్ళుంటే వాళ్ళకు స్నేహితులు లేరన్నమాటే.

క్లాస్ లీడర్ రసజ్ఞ వంతు వేరు. రాజమ్మ ఆ అమ్మాయి వాళ్ళమ్మ నంబరు తీసుకుని ఆదివారం సాయంత్రాలు ఫోన్ చేసేది.

"మా పోరడు బడికొస్తుండా బిడ్డా? మా తమ్మునికి చేస్తే ఫోన్ కలుస్తలేదు."

"వస్తున్నాడు ఆంటీ. బాగా చదువుతున్నాడు."

రెండో మాట ఆమె అడగలేదు. రసజ్ఞే చేర్చింది. ఆ మాట వినగానే అవతల రాజమ్మ గొంతు తేలికపడేది, ఆ తేలిక వినడం రసజ్ఞకు బాగుండేది. "ఒకసారి నాతోని మాట్లాడమను" అంటే, "చెప్తానండి" అనేది. మర్నాడు వెనక బెంచీ ఆదర్శ్‌తో చెప్పేది. ఆదర్శ్ ఇంకెవరితోనో చెప్పేవాడు.

వీడ్కోలు రోజు వచ్చింది. కింద టిఫిన్ సెంటరూ మొబైల్ షాపూ, పైన మూడంతస్తుల్లో బడి. మూడో అంతస్తు హాల్లో రంగుకాగితాలు కట్టారు. ఆడపిల్లలు అమ్మల పట్టుచీరలు కట్టుకొచ్చి నడవలేక నవ్వుకుంటున్నారు. కిటికీలోంచి మెట్రో లైనూ, దూరంగా అద్దాల భవనాలూ, వాటి మీద క్రేన్లూ కనిపిస్తున్నాయి. ఆరో తరగతిలో వాళ్ళు చేరినప్పుడు ఆ కిటికీలో చాలా ఆకాశం ఉండేది. పొద్దున మామూలుగానే హాజరు తీశారు, స్వామి పేరుకు మామూలుగానే గొంతు పలికింది.

మధ్యాహ్నం మాస్టారు ఒక ఆట పెట్టారు. రసజ్ఞ ఒక్కో పేరూ పిలుస్తుంది, ఆ పిల్లవాడి గురించి మిగతావాళ్ళు ఒక జ్ఞాపకం చెప్పాలి. ఆట అప్పగించి ఆయన బిర్యానీ సంగతి చూడటానికి కిందికి వెళ్ళారు. మమత ఆరో తరగతిలో సుద్దముక్కలు తిన్న సంగతి బయటపడింది. ఆదర్శ్ సైన్స్ ల్యాబులో కప్పను వదిలేసి ఏడ్చిన సంగతీ దాగలేదు. నవ్వులకు పైకప్పు ఎగిరిపోయేలా ఉంది.

"స్వామి" అంది రసజ్ఞ.

అందరూ ఒక్కసారే మొదలుపెట్టారు. వానలకు వీధి మునిగితే చిన్న క్లాసు పిల్లల్ని వీపు మీద మోసి దాటించాడని ఒకరు, టీచర్స్ డే నాడు మాస్టారి గొంతుతో హాజరు తీస్తే పక్క గదివాళ్ళు లేచి నిలబడ్డారని ఒకరు. చెప్పినకొద్దీ ఇంకా ఉన్నాయి. చివరికి మమత కళ్ళు తుడుచుకుంటూ అడిగింది.

"ఇంతకీ వాడేడి? ఇయ్యాల గూడ పనేనా? ఎవరు పిలిచిన్రు వాన్ని?"

"నువ్వు చెప్తానన్నవ్ కదా" అన్నాడు ఆదర్శ్. "మీ గల్లీలనే కదా వాళ్ళ మామ ఉండేది."

"వాళ్ళ మామ గది ఖాళీ చేసి ఎప్పుడో పోయిండు. పోయేముందు స్వామి ఏడని అడిగితే, నా మీద అలిగి వాళ్ళమ్మ తానికి పోయిండన్నడు. నువ్వు కలుస్తున్నవనుకున్న."

"నేనెక్కడ కలిసిన?"

రసజ్ఞ చేతిలో మైకు అలాగే ఉండిపోయింది. వాళ్ళమ్మ దగ్గరికా? వాళ్ళమ్మేమో వాడు మామ దగ్గరే ఉన్నాడనుకుంటోంది కదా.

"వాణ్ణి చివరిసారి ఎవరు చూశారు?" అని అడిగింది.

మొన్ననే చూశానన్నారు ఒకరిద్దరు. గట్టిగా అడిగితే, మొన్న విన్నది గొంతే గానీ మనిషిని కాదని తేలింది. ఆ గొంతు ఎవరిదో పక్కవాడు చెప్పాడు. ఒక్కొక్కరి జ్ఞాపకమూ వెనక్కి వెళ్ళింది, రిపబ్లిక్ డే నాటి మిఠాయిలు దాటి, పండగ సెలవులు దాటి, క్రిస్మస్ దాకా పోయింది. అక్కడ ఆదర్శ్ ఒక్కడే మిగిలాడు.

"క్రిస్మస్ సెలవులకు ముందు నేను చూసిన. మెట్రో పిల్లర్ కాడ నిలబడ్డడు. తెల్లకారొచ్చింది. ఎవరో అన్న మంచి పని ఇప్పిస్తుండట, నెల దినాలల్ల వస్త, అమ్మకు చెప్పకుండ్రి అన్నడు."

"ఏ అన్న? ఏం పని?"

"అడగలే." ఆదర్శ్ అందరి వైపూ చూశాడు. "మీకు ఎవరికన్న తెలుసనుకున్న."

ఎవరికీ తెలియదు. పదిమంది చేతిలో పాము చావదని ఊరికే అనలేదు పెద్దలు. పక్కవాడు చూసుకుంటున్నాడని ప్రతివాడూ నిశ్చింతగా ఉన్నాడు. స్వామి లేడన్న సంగతి ఈ మహానగరంలో ఒక్కరికీ తెలియకుండా, రోజూ వంతులు తప్పకుండా కాపాడింది ఈ పిల్లలే. వాడు ఎక్కడో ఆపదలో పడి కేకేసి ఉంటే? ఆ కేక ఎవరికి వినపడాలి? వాడు ఇక్కడ పలుకుతూనే ఉన్నాడు కదా.

రసజ్ఞకు ఆదివారాలన్నీ గుర్తొచ్చాయి. వస్తున్నాడు ఆంటీ, బాగా చదువుతున్నాడు. ఒక్క ఆదివారం తెలియదని చెప్పి ఉంటే రాజమ్మ ఆ రాత్రే వెతకడం మొదలుపెట్టేది. ఇప్పుడే మాస్టారితో చెప్పేయాలి, పోలీసులకు చెప్పించాలి, తర్వాత ఎన్ని తిట్లయినా తినొచ్చు అనుకుని, చీర కుచ్చిళ్ళు పట్టుకుని గుమ్మం వైపు పరుగెత్తినంత పనిచేసింది.

మాస్టారు ఎదురొచ్చారు. ఆయన వెనక రాజమ్మ ఉంది. సిమెంటు మరకలు పోయేదాకా ఉతికిన చీర కట్టుకుంది. చేతిలో కవరు, కవర్లో మడత విప్పని నీలంరంగు చొక్కా.

"ఇదిగో అమ్మా, మా క్లాస్ లీడర్" అన్నారు మాస్టారు.

రాజమ్మ రసజ్ఞ చెంప నిమిరింది. "నువ్వేనా బిడ్డా. ఫోన్ల మాట వినుడే గాని మొఖం చూడలే. ఫోటో దిగుతరంట కదా, పోరనికి మంచి అంగీ లేదని మేస్త్రిని అడిగి వచ్చిన. ఏడున్నడు?"

"ఆంటీ..." అంది రసజ్ఞ.

"ఇక్కడే ఉంటాడమ్మా, పొద్దున కూడా పలికాడు" అన్నారు మాస్టారు నవ్వుతూ. ఆయన హాలు వైపు చూడకుండానే, రోజూ పిలిచే రాగంలో పిలిచారు. "స్వామీ."

అప్పుడే కింది నుంచి స్పీకర్ బాక్సు మోసుకొచ్చిన రవికిరణ్, హాలు చివర గుమ్మానికి వీపు పెట్టి దాని వైర్లు కలుపుతున్నాడు. అంతకుముందు జరిగిన మాటలేవీ వాడి చెవిన పడలేదు. ఆ రోజు వంతు వాడిది.

"ప్రెజెం...ట్ సార్."

అచ్చం ఆ గొంతే. ఆ సాగదీతే, ఆ నిద్రమొహమే. రాజమ్మ ముఖం ఒక్కసారిగా విప్పారింది. కవరులోంచి చొక్కా తీసి, దులిపి, రెండు చేతులతో పట్టుకుని బెంచీల మధ్యలోంచి ఆ గొంతు వైపు నడిచింది. పిల్లలు పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఆపాలని ఒక్కరికీ చెయ్యి రాలేదు. రవికిరణ్ వెనక్కి తిరిగాడు. చొక్కా పట్టుకున్న చేతులు వాడి భుజాల దగ్గరిదాకా వచ్చి ఆగిపోయాయి.

ఆమె వాడి ముఖంలోకి చూసింది. ఆ పక్కవాడి ముఖంలోకి, ఆ వెనకవాడి ముఖంలోకి చూసింది. ఒక్కరూ కళ్ళెత్తలేదు. తర్వాత రసజ్ఞ వైపు తిరిగింది.

"నా కొడుకేడి బిడ్డా? ఐతారం ఐతారం నువ్వే కదా చెప్పినవ్."

రసజ్ఞ ఏడుస్తూ నిలబడిపోయింది. మాస్టారు ఐదేళ్ళలో మొదటిసారి తలెత్తి క్లాసు మొత్తాన్ని ఒక్కొక్కరినీ చూశారు. ఆయన నవ్వు అప్పటికే పోయింది.

రాజమ్మ మళ్ళీ అడగలేదు. హాలు మధ్యలో నిలబడి, పొద్దుగూకే వేళ ఇంట్లోకి పిలిచినట్టు, తనే గొంతెత్తి పిలిచింది.

"స్వామీ."

రెండు నెలలుగా ఆ పేరుకు పలుకుతూ వచ్చిన పిల్లలంతా అక్కడే ఉన్నారు. ఎవరూ పలకలేదు.